గొర్రెకు అభ్యంతరం లేదు

ముందుగా ఒట్టు. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలుక ఉప్పుమడిలో పడ్డ చేపలాగా ఎండిపోవాలి. మా వాకాడు వైపు నా ఒట్టుకు పెద్ద గిరాకీ లేదని నాకూ తెలుసు. తుఫానుగాలికి మా పొయ్యి మీది ఇడ్లీపాత్ర ఎగిరిపోయి కృష్ణపట్నం రేవులో ఓడ మీద దిగిందనీ, ఓడవాళ్ళు ఇడ్లీలు తిని పాత్ర తోమి పంపించారనీ ఊరంతా చెప్పుకొచ్చినవాణ్ణి నేనే. కానీ ఇది మా అక్కావాళ్ళ గొర్రెల సంగతి. ఇందులో కల్పించే పని నాకు పెద్దగా పడలేదు. నాకంటే పెద్ద చేతులు ఆ పని చూసుకున్నాయి.

మా బావ జన్మలో ఒక చోట కుదురుగా కూర్చోలేదు. గొర్రెల వెనక నడిచినాడు, అంతే. కోతలైపోగానే కొడవలూరు వైపు రైతులు కబురు పెట్టేవాళ్ళు. మందను తోలుకుపోయి రాత్రిపూట వాళ్ళ చేలల్లో పడుకోబెడితే ఆ పెంటికలే పొలానికి ఎరువు. దాన్నే మంద కట్టడం అంటాం. బదులుగా రైతు ధాన్యం కొలిచేవాడు, బావకు రెండు పూటలా అన్నం పెట్టేవాడు. మళ్ళీ నాట్లు పడే వేళకు మంద మా సముద్రపు ఒడ్డు పోరంబోకులకు తిరిగొచ్చేది. ఒంటికి తెలుపు, కళ్ళ చుట్టూ నలుపు, ఎవరో పట్టుకుని కాటుక దిద్దినట్టుండే జుడిపి గొర్రెలు. మందకు ముందు నడిచే పొట్టేలైతే మరీను. అది పుట్టగానే తల్లి చచ్చిపోతే మా అక్క ఒళ్ళో పడుకోబెట్టుకుని పాలపీకతో పెంచింది. పెద్దదై కొమ్ములు తిరిగినాక కూడా అక్క కనబడితే ఒళ్ళోకి రాబోయేది. పడేసేది కూడా.

తరవాత కాలం మారింది. కోత మిషను ఇటు దిగుతుంటే అటు ట్రాక్టరు వచ్చి దున్నేస్తోంది. గొర్రె పడుకోవడానికి చేలో ఒక రాత్రి కూడా ఖాళీ లేదు. పోరంబోకులన్నీ రొయ్యల గుంటలైపోయి చుట్టూ తీగ కంచెలు లేచాయి. మంద నడవడానికి దారి లేక, ఆగడానికి చోటు లేక రోడ్డు వారన దుమ్ము పట్టిన తుమ్మకాయలు ఏరుకుంటూ బతికింది. ఇక రెండే దారులు. ఒకటి, ఒక చోట షెడ్డు వేసి, గడ్డి పెంచి, గొర్రెల్ని నిలబెట్టి మేపడం. రెండోది, మందను అమ్మెయ్యడం.

రెండో దారి చూపించినవాడు నెల్లూరు నుంచి వచ్చే సాయిబు. మా బావ దగ్గర ఏళ్ళ తరబడి పొట్టేళ్ళు కొన్న మనిషి, మాటకు నిలబడేవాడు. మంద మొత్తం తనే తీసుకుంటానన్నాడు. బావ ఏమీ అనకముందే అక్క అందుకుంది.

"ఒకటీ అరా పోతే పంపకమనుకుంటా భాయ్. మందంతా ఒక్కసారి తోలితే ఇంట్లోంచి పీనుగు లేచినట్టుంటాది."

సాయిబు టీ తాగి, మళ్ళీ ఆ మాట ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

నడిచే గొర్రెకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. నిలబడే గొర్రెకు కావాలి. పశువుల డాక్టరు చెప్పినదాన్ని బట్టి, దాన్ని ఫారం అనాలి, ఫారమైతే పంచాయతీ అభ్యంతరం లేదని రాసివ్వాలి, ఆ కాగితం చూస్తేగానీ బ్యాంకువాళ్ళు షెడ్డుకు అప్పివ్వరు. మాట్లాడేవాడు ఒకడుంటే మంచిదని బావ నన్ను గ్రామ సచివాలయానికి వెంటబెట్టుకుని పోయాడు. పంచాయతీ సెక్రటరీ మా మేనకోడలి వయసు అమ్మాయి, నిదానస్తురాలు. ఓపికగా చెప్పుకొచ్చింది. భూమి సొంత పేరున ఉండాలి. అడంగల్లో అదే పేరుండాలి. చుట్టుపక్కల పొలాలవాళ్ళు మాకేం ఇబ్బంది లేదని సంతకాలు పెట్టాలి. పేడనీళ్ళు ఎటు పోతాయో చూపించాలి. జబ్బులు రాకుండా టీకాలు వేయించినట్టు డాక్టరు రాసివ్వాలి. ఇళ్ళకు దూరంగా ఉండాలి, బడికి దూరంగా ఉండాలి, గుడికి దూరంగా ఉండాలి, కాలవకు దూరంగా ఉండాలి, సముద్రానికి కూడా దూరంగానే ఉండాలి.

బయటికొచ్చాక నేను లెక్క కట్టి చెప్పాను. మా ఒడ్డున ఇళ్ళకు దూరంగా పోతే కాలవ, కాలవకు దూరంగా పోతే రొయ్యల గుంట, గుంటకు దూరంగా పోతే సముద్రం. అన్నిటికీ దూరంగా పోవాలంటే గొర్రెల్ని ఈదించుకుంటూ శ్రీలంక చేరాలి. బావ నవ్వలేదు. అప్పటికే ఆయన నవ్వడం తగ్గించాడు.

అయినా ఒక చోటు దొరికింది. సరుగుడు తోటలు దాటాక ఒక ఇసుక మిట్ట మీద అక్క పేరున అరెకరం ఉంది. మా నాన్న ఇచ్చింది. ఏమీ పండదని ఎవరూ అటు చూసేవాళ్ళు కాదు. ఇల్లు లేదు, బడి లేదు, గుడి లేదు. పక్క పొలాలవాళ్ళు సంతకాలు పెట్టారు. అధికారులు వచ్చి చూసి రాసుకుపోవడమే మిగిలింది.

తప్పు అక్కడ జరిగింది. అది మావాళ్ళు తప్ప మరొకరు చెయ్యగలిగిన తప్పు కాదు. షెడ్డు సంగతి తరవాత, గడ్డి తడవకుండా చిన్న తాటాకు కొట్టం వేసుకుందామని బావ అనుకున్నాడు. వేశాడు. మంద పడుకోబోయే చోట ముందు పాలు పొంగాలి. ఇది మా తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి. పాలు పొంగని చోటికి మందను తోలిన మగవాడు మాలో లేడు. ఒకరాత్రి మంద కట్టే చేలో కూడా మూడు రాళ్ళు పెట్టి గిద్దెడు పాలైనా పొంగించేవాళ్ళు. అక్క ఆ ప్రకారమే తూర్పుకు తిరిగి కొత్త కుండలో పాలు పొంగించింది. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టింది. వేపమండలు కట్టింది. బావ మంచం తెచ్చి వేసుకున్నాడు. ఆ తరవాత వారానికి తనిఖీకి జీపు వచ్చింది.

సెక్రటరీ అమ్మాయి కొట్టం ముందు నిలబడి మసి పట్టిన రాళ్ళను చూసింది, పసుపు గడపను చూసింది, మంచాన్ని చూసింది. ఆ పిల్ల చదువుకున్న ఊళ్ళో పసుపు గడపకు ఒకటే అర్థం.

"ఇక్కడ కాపురం ఎవరుంటున్నారు?" అంది.

బావ మంచం వైపు చూశాడు. ఉన్నది తనే. ఆ మాటంటే అది ఇల్లవుతుంది. ఇల్లయితే దాని పక్కన ఫారం పెట్టకూడదు.

"ఎవురూ ఉండరు మేడమ్," అన్నాడు. తరవాత ఏం తోచిందో, "అమ్మోరుంటాది," అన్నాడు.

ఆ మాట అక్కడితో ఆగిపోవాల్సింది. పక్కన నేనున్నాను. ఇట్లాంటి మాట నా చెవిన పడ్డాక నోరు మూసుకుని నిలబడడం నా వల్ల అయ్యే పని కాదు. మా ముత్తాత కాలంలో ఉప్పెన ఈ మిట్ట దాకా ఎగదన్నుకొస్తే అమ్మోరు కొంగు అడ్డం పెట్టిందనీ, సముద్రం ఆ కొంగు అంచు తడిపి, సిగ్గుపడి వెనక్కి పోయిందనీ, అందుకే ఈ మిట్ట మీద ఇసుక ఇప్పటికీ జరీ మాదిరిగా మెరుస్తుందనీ చెప్పాను. ఎండకు ఇసుక నిజంగానే మెరుస్తోంది. ఒడ్డు నుంచి చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని వస్తున్న ఆడవాళ్ళు జీపును చూసి ఆగి, నా మాటలన్నీ విన్నారు. వాళ్ళలో పెద్దామె తట్ట దించి, చేతులు కడుక్కుని, గడపకు మొక్కింది. అమ్మాయి ఏదో రాసుకుంది. జీపు వెళ్ళిపోయాక బావ నా భుజం తట్టాడు. చాలా రోజుల తరవాత ఆయన ముఖాన నవ్వు చూశాను.

ఆ వారం ఆ ఆడవాళ్ళ మగవాళ్ళకు వల నిండా చేపలు పడ్డాయి. నా ఖర్మ.

మరుసటి వారానికి కొట్టం ముందు టెంకాయ పెచ్చులు కనబడ్డాయి. ఇంకో వారానికి అక్క పొయ్యిరాళ్ళలో ఒకటి పసుపు పూసుకుని, కుంకుమ పెట్టుకుని, ఎర్రగుడ్డ కట్టుకుని లోపల గోడకానుకుని కూర్చుంది. ఎవరు కూర్చోబెట్టారో తెలీదు. రెండు రాళ్ళ మీద కుండ నిలబడదు. అక్క మూడో రాయి కోసం వెతుక్కుంటూ లోపలికి పోబోతే, చెప్పులు విప్పి రమ్మని ఎవరో కేకేశారు. బావ మంచం బయట ఇసుకలో పడి ఉంది.

సచివాలయానికి మళ్ళీ పోయాం. సెక్రటరీ అమ్మాయి మమ్మల్ని కూర్చోమని, మంచినీళ్ళిచ్చి, చెప్పలేక చెప్పింది. ప్రార్థనా స్థలం పక్కన పశువుల ఫారానికి ఒప్పుకునే వీల్లేదు. కొట్టం తీసేసి మళ్ళీ వస్తాం అన్నాడు బావ.

"ఇల్లయితే తీసేయొచ్చండీ," అంది ఆ అమ్మాయి. "రోజూ జనం దీపం పెడతన్నారంట. ఇప్పుడు దాన్ని తీసేదెవరు? మీరు తీస్తారా, నేను తీయనా?"

బావ కాగితాలన్నీ మడిచి చంకలో పెట్టుకుని లేచాడు.

వేరే చోటు లేదు. మంద ఆ మిట్ట కిందే, తీగ కంచెలకూ సరుగుళ్ళకూ మధ్య ఉండిపోయింది. ఇక మొక్కులు మొదలయ్యాయి. కొడుకు జ్వరం తగ్గిందని ఒకరు, పడవ తిరిగొచ్చిందని ఒకరు. మొక్కు తీర్చుకోవాలంటే ఏటను కొయ్యాలి. ఏటలు ఎదురుగానే ఉన్నాయి. బావను అడిగేవాళ్ళు. అమ్మోరికి ఇవ్వనని ఆయన ఎట్లా అనగలడు? అమ్మోరు ఉందని చెప్పింది ఆయనే. మేత సగానికి పడిపోయి గొర్రెల డొక్కలు ఎండుతున్నాయి కూడా. తలాడించేవాడు.

కోసే ముందు గొర్రె మీద పసుపునీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా కత్తి ఎత్తకూడదు. నీళ్ళు పడితే ఏ గొర్రె విదిలించదు గనక? ఒక్కొక్కటే వచ్చి నిలబడి ఒళ్ళు విదిలించింది. మేము ఎన్నిసార్లు తిరిగినా పుట్టని అభ్యంతరం లేదనే మాట, ప్రతి గొర్రే తన వంతు రాగానే ఇచ్చేసింది.

సాయిబు ఒకసారి ఆ దారిన వచ్చి చూసి, మిట్ట కింద బావ పక్కన కూర్చున్నాడు.

"నేను అడిగితే పీనుగన్నారు అన్నా. వీళ్ళు అడిగితే మొక్కంటున్నారు," అన్నాడు. "గొర్రెకు రెండిటికీ తేడా తెలిస్తే బాగుండు."

బావ ఇసుకలో కర్రతో గీతలు గీస్తూ ఉన్నాడు. పొద్దుగూకే వేళ మందను లెక్కపెట్టడం ఆయనకు అలవాటు. ఒక్కో గొర్రె నడుం మీద కర్ర ఆనిస్తూ, పెదవుల్లో గొణుక్కుంటూ లెక్కపెట్టేవాడు. ఆ గొణుగుడు అక్క అన్నం వండేంతసేపు సాగేది. ఇప్పుడు అక్క ఎసరు పెట్టకముందే అయిపోతోంది. అయిపోయినాక ఆయన మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టేవాడు.

అమ్మోరికి మొదటి తిరణాల చేద్దామని చుట్టుపక్కల ఊళ్ళు మాట్లాడుకునే నాటికి మందలో మిగిలింది అక్క ఒళ్ళో పెరిగిన కాటుక కళ్ళ పొట్టేలొక్కటే. దానికోసం పెద్దలు నలుగురు ఇంటికే వచ్చారు. బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్క వాకిట్లో నిలబడి విన్నది.

"నా చేత్తో పాలు పట్టినా. నీళ్ళు కూడా నేనే పోస్తా," అంది. "అది ఒప్పుకుంటే తీసకపోండి."

తిరణాల రోజు డప్పులు, మైకు, ఐసుబండ్లు. పొట్టేలుకు బంతిపూల దండ వేశారు. అక్క చెంబుతో పసుపునీళ్ళు దాని వీపు మీద పోసింది. పొట్టేలు కదల్లేదు. అక్క ముఖంలోకి చూస్తూ నిలబడింది. మళ్ళీ పోసింది. నీళ్ళు డొక్కల మీదుగా ఇసుకలోకి కారిపోయాయి. డప్పులవాళ్ళు కొట్టి కొట్టి ఆపి, మంట దగ్గర డప్పులు కాచుకుని మళ్ళీ కొట్టారు. చెవుల్లో పోశారు, కొమ్ముల మధ్య పోశారు. వెంట్రుక కదిలితే ఒట్టు. సముద్రం మీది గాలికి జనానికే వణుకు పుట్టింది గానీ దానికి పుట్టలేదు. పొద్దు సరుగుళ్ళ వెనక్కి దిగిపోయింది. చివరికి పెద్దలు, అమ్మోరికి ఇది ఇష్టం లేదురా, వదిలెయ్యండి అన్నారు. తాడు విప్పేశారు. పొట్టేలు తన మెడలో దండ తనే తినేసి, అక్క వెనకాల నడుచుకుంటూ ఇంటికొచ్చింది. ఇప్పుడు వాళ్ళ వాకిట్లోనే ఉంది. బావ రోజూ సాయంత్రం దాని నడుం మీద కర్ర ఆనించి, ఒకటి అంటాడు.

ఇంతవరకూ రాసి కాగితం కింద పెడదామనుకున్నాను. మొదట్లో వేసిన ఒట్టు పెట్టనివ్వడం లేదు. అమ్మోరు, రాయి, సెక్రటరీ అమ్మాయి, సాయిబు, పాలు పొంగిన కొట్టం, అన్నీ నిజం. పొట్టేలు కదలకుండా నిలబడిందన్నది మాత్రం నా కల్పన. పోతే పోనీ, ఒక్కటైనా మిగిలిందని రాసుకుందామనిపించింది.

మొదటి చెంబుకే విదిలించింది. తలంటు పోసుకున్న పిల్లాడిలాగా, చెవుల నుంచి తోక దాకా ఒళ్ళంతా విదిలించింది. ఆ పసుపునీళ్ళు అక్క ముఖం మీద చిందాయి. ఆమె తుడుచుకోలేదు.