బిగిసిన నల్లదారం

పొద్దున లేవగానే కొందరు దేవుడి పటం చూస్తారు, కొందరు ఫోన్ చూస్తారు. మా ఎదురింటి కరుణ మాత్రం నిద్రపోతున్న కూతురి చెయ్యి పట్టుకుని, మణికట్టుకు దిష్టి తగలకుండా కట్టిన నల్లదారం కింద చిటికెనవేలు దూర్చి చూస్తుంది. వేలు సులువుగా దూరిందా, లేచి చాయ్ పెడుతుంది. ఈ పిచ్చి అలవాటు ఆమెకు ఎలా పట్టుకుందో సందులో అందరికీ తెలుసు. తెలియంది ఆ పిల్లకొక్కదానికే.

సూరత్ లింబాయత్‌లో మాదొక ఇరుకు సందు. సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. మగవాళ్ళు సాంచాల మీదికి, అంటే మరమగ్గాల మీదికి పోతే, ఆడవాళ్ళం గుమ్మాల్లో కూర్చుని చీరల మూటలు విప్పి, వెనకవైపు వేలాడే దారాలు చిన్న కటర్‌తో కత్తిరిస్తాం. చేతులు కటర్‌తో పనిచేస్తుంటే నోళ్ళు ఊరందరి మీదా పనిచేస్తాయి. నా నోరు మరికాస్త ఎక్కువే పనిచేస్తుందని పేరు. విజయరాణి కూర్చుందంటే మూట ఒడిసినా ముచ్చట ఒడవదని నర్సవ్వ అంటుంది.

నర్సవ్వ కరుణ అత్త. మనిషి ఎండిన మోదుగకట్టెలా ఉంటుంది, గొంతు మాత్రం సాంచాల చప్పుడును కూడా దాటుతుంది. కరుణ అందుకు పూర్తిగా విరుద్ధం. పిరికిది. ఈ మాట ఆమె ముందే అంటాను. బల్లి పడితే భయం, పిల్లవాడు తుమ్మితే భయం, గ్యాస్ సిలిండర్ మార్చాలంటే భయం. మొగుడు పరుశురాం ఒకటంటే రెండోది అనదు. ఇది జరిగేనాటికి కూతురు మనస్వి రెండో తరగతి, కొడుకు లడ్డుకు ఇంకా బడి వయసు రాలేదు.

రెండువేల ఇరవై ఒకటి ఏప్రిల్ నెల మా సందులో ఎవరూ మరిచిపోరు. మా వరసలో చివరి ఇంటి అంబదాస్ తన కాళ్ళతో తాను నడిచి అంబులెన్స్ ఎక్కాడు. ఎక్కేముందు భార్యతో, బియ్యం డబ్బా మూత సరిగ్గా పెట్టమని కూడా చెప్పాడు. ఆ తర్వాత ఆయన్ను చూసినవాళ్ళు లేరు. ఫోన్ ఒకటి వచ్చింది, అంతే. ఆ రోజు నుంచి మా సందులో కరోనా అన్న మాట ఎవరి నోటా రాలేదు. జ్వరం వచ్చినవాళ్ళందరికీ టైఫాయిడే.

పరుశురాంకూ టైఫాయిడే. ఊరి చివర సచిన్ అనే చోట తాను పనిచేసే కార్ఖానా సేఠ్‌కు అదే చెప్పాడు, ఇల్లు అద్దెకిచ్చినాయనకు అదే చెప్పాడు, చివరికి మాకూ అదే చెప్పాడు. కానీ మిరపకాయలు మాడి సందంతా దగ్గుతుంటే ఆయన పైగదిలో నింపాదిగా కూర్చుని ఉన్నాడని కరుణ నాతో గుసగుసలాడింది. ముక్కుకు వాసన తెలియడం లేదు. పిల్లల్ని పైకి పోనివ్వకుండా ఇనుప నిచ్చెన దగ్గర కాపలా కాసింది. అయినా మనస్వి తండ్రి మీద బెంగతో కన్నుగప్పి పైకి ఎక్కి, చాయ్ గ్లాసు అందించి వచ్చేదట. పరుశురాం తేరుకుని పనిలోకి పోయాడు. పిల్లలకు తుమ్మైనా రాలేదు. గండం గడిచిందని కరుణ దేవుడి ముందు దీపం పెట్టింది.

గండం గడవలేదు. మే నెల ఆఖర్లో, సందులో మళ్ళీ మూటలు విప్పడం మొదలైనప్పుడు, మనస్వికి జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. కడుపులో నొప్పి అని మెలికలు తిరుగుతోంది. కరుణ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దవాఖానకు తీస్కపోదామయ్యా" అంది మొగుడితో. గుమ్మంలో ఉన్న నాకు వినబడుతూనే ఉంది.

"తీస్కపోతే ఏమైతదో ఎర్కేనా? పిల్లనొక్కదాన్నే లోపలేసుకుంటరు. మనకు సూపియ్యరు గూడ. అంబదాస్‌ను సూపిచ్చిన్రా?" అన్నాడు పరుశురాం. ఆయన చెడ్డవాడు కాదు. పిల్ల పోతుందన్న భయం ఒకవైపు, పిల్లను పంపితే పోతుందన్న భయం ఇంకోవైపు. మధ్యలో మంచం మీద పిల్ల.

మర్నాడు పొద్దున పిల్ల ఒంటి మీద ఎర్రగా పేలింది. వీపు, పొట్ట, తొడలు. కరుణ గొల్లుమంది. నర్సవ్వ వచ్చి గౌను పైకెత్తి చూసింది, రెండు చేతులూ జోడించింది.

"ఏడుస్తవేందే పిచ్చిదానా! గిది కరోనా గాదు. తల్లి! పోచమ్మతల్లి అచ్చింది మనింటికి!"

ఆ మాట వినగానే సందు సందంతా ఊపిరి పీల్చుకుంది. నవ్వొస్తుంది ఇప్పుడు తలుచుకుంటే, నవ్వుతో పాటు ఒళ్ళు జలదరిస్తుంది. ఎండకాలంలో పిల్లలకు అమ్మతల్లి పోయడం మనకు కొత్తా? తాతముత్తాతల నాటి నుంచి తెలిసిన జబ్బు, తెలిసిన మర్యాద. బడి పక్క చెట్టు నుంచి వేపమండలు తెచ్చి గుమ్మానికి కట్టారు. పిల్ల కింద వేపాకు పరిచారు. ఇంట్లో తాలింపు వేయలేదు, తల దువ్వుకోలేదు. లడ్డును నా దగ్గర వదిలారు. అంతవరకు ఆ ఇంటి ముందు ముక్కు మూసుకుని పోయినవాళ్ళు కొబ్బరిబోండాలు తెచ్చి గడప అవతల పెట్టి దండం పెట్టి పోయారు. తల్లి ఉన్న ఇంట్లో మందు ముట్టకూడదు, సూది అసలే కూడదు. వేస్తే ఆమెకు కోపం వస్తుంది, కళ్ళో కాళ్ళో తీసుకుపోతుంది. పరుశురాం ముఖంలోకి కళ వచ్చింది. ఇక దవాఖాన ఊసెత్తే పని లేదు.

నర్సవ్వ పిల్ల పాదాల దగ్గర కూర్చుని, "చల్లంగ సూడు తల్లీ, ఎరుకలేక తప్పు జేసినం, కాయి తల్లీ" అని మొక్కుతుంటే పిల్ల బెదిరిపోయింది.

"బాపమ్మా, నాకెందుకు దండం పెడుతున్నవ్? నేను మనస్వినే" అంది నీరసంగా.

లడ్డు మా కిటికీలోంచి అదంతా చూసి, "అత్తా, దీదీ దేవుడైందా?" అని నన్ను అడిగాడు. వాడి నోట్లో ఒక బిస్కెట్ పెట్టాను.

కరుణకు చిన్నప్పుడు తల్లి పోసింది. కనుబొమ్మ మీద ఇప్పటికీ చిన్న గుంట ఉంది. ఆ గుంటను తడుముకుంటూ, సందుకు అటువైపు నుంచి నాతో అంది: "అక్కా, నాకు పోసినప్పుడు మరునాటికే పొక్కుల్ల నీళ్ళు పట్టినయ్. దీనికి పడ్తలేవు. ఎర్రగ వచ్చినయి ఎర్రగనే మాసిపోతున్నయ్. జరమైతే దిగుతలేదు."

"మీ అత్తకు చెప్పకపోయినవా?"

"చెప్పిన. తల్లిని అనుమానిస్తే ఊకుంటదా అన్నది."

అంతే, ఆ మాటతో ఆమె నోరు మూతపడింది. అనుమానిస్తే తల్లికి కోపం. తల్లికి కోపం వస్తే పోయేది తన పిల్ల. అనుమానించకపోతే? ఆ రోజంతా పిల్ల దగ్గర కూర్చుని, ఊపిరి ఎలా పోతోంది, ఎలా వస్తోంది అని పొట్టనే చూస్తూ ఉందట.

మరుసటి మధ్యాహ్నం తడిగుడ్డతో పిల్ల ఒళ్ళు తుడుస్తోంది. పిల్ల కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి, పెదవులు పగిలి నెత్తురు చారలు కట్టాయి. ఎడమచెయ్యి తుడవబోతే గుడ్డ ఒకచోట ఆగింది. మణికట్టుకు కట్టిన నల్లదారం కనబడలేదు. ఊడిపోయిందేమో అనుకుంది. వేలితో తడిమితే తగిలింది. దారం కండలోకి దిగిపోయింది. రెండు వేళ్ళు పట్టేంత వదులుగా కట్టిన దారం. చెయ్యి రొట్టెలా పొంగి ఉంది. రెండో చెయ్యి చూసింది. పాదాలు చూసింది. అన్నీ అంతే.

కరుణ కేక వేయలేదు. గూట్లోంచి చీరల కటర్ తీసింది. దాని కొనను దారం కిందికి పోనిచ్చి, పిల్ల కండకు తగలకుండా, టక్కున కోసింది. చుట్టూ తెల్లటి గాడి.

సరిగ్గా అప్పుడే నర్సవ్వ వేపమండతో లోపలికి వచ్చింది. తల్లి ఉన్న ఇంట్లో ఇనుము! అది కూడా పిల్ల ఒంటి మీద!

"ఏం పని జేసినవే ముండా!" అని మండ ఎత్తింది.

కరుణ పక్కకు తప్పుకోలేదు. పిల్ల చెయ్యెత్తి అత్త ముందు పెట్టింది. "కొట్టు అత్తా. కొడితే కొట్టు. ముందు గీ చెయ్యి సూడు."

నర్సవ్వ చూసింది. బొటనవేలితో నొక్కింది. నొక్కినచోట గుంట పడి అలాగే ఉండిపోయింది. ముసలామె మండ కింద పెట్టేసింది.

"నా కడుపున పుట్టినోళ్ళందర్నీ ఆ తల్లి చేతుల పెట్టి లేపుకున్న" అంది మెల్లగా. "ఒక్కలకు గూడ చేతులు వాయలే. గిది మన తల్లి గాదు బిడ్డా. గిదెవలో మన తల్లి లెక్క అచ్చి ఇంట్ల కూసున్నది. లే. లే జల్ది!"

గుమ్మానికి కట్టిన వేపమండలు తన చేత్తోనే పీకి, పిల్లను భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా సందులోకి ఉరికింది. వెనక కరుణ. ఆ ముసలి ఒంట్లో అంత బలం ఎక్కడిదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సందు మొగలో ఓంప్రకాష్ ఆటో ఉంది. మనవాడే. కానీ జ్వరం ఉన్న మనిషిని చూస్తే ఆటో తిప్పుకుపోయే రోజులవి.

"పిల్లకేమైందవ్వా?" అని అడిగాడు, మాస్కు ముక్కు మీదికి లాక్కుంటూ.

"తల్లి పోసింది" అంది నర్సవ్వ. అప్పుడే తల్లి కాదని తేల్చిన నోటితోనే, రెప్ప వేయకుండా చెప్పింది.

ఓంప్రకాష్ చెప్పులు విప్పి పక్కన పెట్టి, పిల్ల పాదాలకు మొక్కి, ఆటో స్టార్ట్ చేశాడు. కరుణ ఫోన్ చేస్తే పరుశురాం సచిన్ నుంచి బండి మీద నేరుగా పెద్ద దవాఖానకు చేరాడు.

అక్కడి సంగతి కరుణ చెప్పగా విన్నదే. నీలం ప్లాస్టిక్ బట్టల్లో మొహం కనిపించని డాక్టరమ్మ పిల్ల కళ్ళు, నాలుక, చేతులు చూసింది. చూసి హిందీలో ఒకటే ప్రశ్న అడిగింది. ఈమధ్య ఇంట్లో ఎవరికైనా కోవిడ్ వచ్చిందా?

"నహీ మేడమ్. టైఫాయిడ్ థా, బస్" అన్నాడు పరుశురాం. నోటికి అలవాటైన మాట.

డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. బాగా గుర్తు తెచ్చుకోండి, దీన్ని బట్టే మందు ఉంటుంది అంది. పరుశురాం నేల చూశాడు. ఒప్పుకుంటే పిల్లను లాక్కుంటారు. పని పోతుంది, ఇల్లు పోతుంది. అదంతా ఆయన మెదడులో గిర్రున తిరుగుతున్నట్టు కరుణకు కనబడుతూనే ఉంది. ఆమెకూ అవే భయాలు.

"ఝూట్ హై, మేడమ్" అంది. అన్నేళ్ళ కాపురంలో మొగుడి మాట మీద ఆమె మాట పడటం అదే మొదలు. "కరోనా థా. ఇస్కో థా. వాసన నహీ ఆతా థా. బచ్చీ చాయ్ లేకే ఊపర్ జాతీ థీ." ఇతనికి కరోనానే వచ్చిందని, పిల్ల చాయ్ తీసుకుని పైకి పోయేదని వచ్చీరాని హిందీలో చెప్పేసింది.

పరుశురాం గోడకు ఆనుకుని కూలబడ్డాడు. తిట్టలేదు. "నిజమే మేడమ్" అని తెలుగులోనే ఏడ్చాడు.

ఇంట్లో కరోనా వచ్చిపోయిన కొన్ని వారాలకు, పైకి ఏమీ కనబడకుండా అంటుకున్న పిల్లల్లో ఎక్కడో ఒకరికి ఇలా తిరగబెడుతుందట. లోలోపల ఒళ్ళంతా వాస్తుంది. గుండె కూడా వాచిందని, ఇంకాస్త ఆలస్యం చేస్తే చేతికి దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఒక్కరినే లోపల ఉండనిచ్చారు. బల్లికి భయపడే కరుణ ఆ పీ పీమని మోగే మిషన్ల మధ్య, చుట్టూ ఏడ్చే తల్లుల మధ్య ఉండిపోయింది. సూది మందు చుక్క చుక్కగా ఎక్కుతుంటే, గాడి పడిన మణికట్టును పట్టుకుని కూర్చుంది. ఆ గాడి మెల్లగా మాసిపోవడం తన కళ్ళతో చూసింది. బయట గేటు దగ్గర నర్సవ్వ. ఎండకు తువ్వాల కప్పుకుని, పోచమ్మకు మొక్కుకుంటూనే ఉందట, "నీ పేరు పెట్టి ఇంకెవల్నో మొక్కిన, ఏమనుకోకు తల్లీ" అని.

మనస్వి ఇంటికి వచ్చింది. పీనుగులా పాలిపోయి, కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి గానీ, వచ్చింది. లడ్డు దాని చుట్టూ తిరిగి చూసి, "దీదీ మల్ల మనిషైంది" అని తేల్చాడు. నర్సవ్వ కొత్త నల్లదారం పేనింది. ఈసారి కట్టింది కరుణ. చిటికెనవేలు పెట్టి, అది తిరిగేంత వదులుగా ముడి వేసింది.

ఆ రోజు నుంచి మొదలైంది ఈ పొద్దుటి పరీక్ష. గుండె పరీక్షకు దవాఖానకు తీసుకుపోతే అంతా బాగుందనేవాళ్ళు. కరుణకు ఆ మిషన్ల మాట కంటే తన వేలి మీదే నమ్మకం. "మానెయ్యవే, పిల్లకు నువ్వే కొత్త జబ్బు తెప్పిస్తవు" అని నేను కసిరినా వినలేదు.

మరుసటేడు ఎండలు ముదురుతున్నప్పుడు, ఒక పొద్దున ఎదురింట్లోంచి కేక వినబడింది. చేతిలో చీపురుతోనే పరుగెత్తాను. కరుణ నేల మీద కూలబడి ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. "అక్కా, దూర్తలేదు... వేలు దూర్తలేదు..." అంటోంది. మంచం మీద మనస్వి కళ్ళు నులుముకుంటూ లేచి కూర్చుంది.

నర్సవ్వ వచ్చింది. పిల్ల నుదురు తడిమింది, చల్లగా ఉంది. చెయ్యి పట్టి బొటనవేలితో నొక్కింది. గుంట పడలేదు. పాదాలు చూసింది. తర్వాత పిల్లను మంచం దింపి, గోడకు ఆనించి నిలబెట్టింది. పోయినేడు మోకాళ్ళ కిందికి దిగిన గౌను, మోకాళ్ళ పైకి వచ్చి ఉంది.

"లేవే పిచ్చిదానా" అంది నర్సవ్వ. నవ్వుతోంది, కళ్ళెమ్మట నీళ్ళు కారుతున్నాయి. "వాపు గాదు. పిల్ల పెరిగింది."

కరుణ లేవలేకపోయింది. కూతురు బిత్తరపోయి చూస్తుంటే, దాని కాళ్ళు చుట్టుకుని భోరున ఏడ్చింది. నేను గూట్లోంచి కటర్ తెచ్చి ఇచ్చాను. నర్సవ్వ పాత దారం కోసి, కొత్తది కాస్త పొడుగ్గా పేనడానికి కూర్చుంది.