ఎంటర్ కొట్టని సుందరరాజు

మా సుందరరాజన్నకు ఎంటర్ బటన్ అంటే భయం.

పాము, పిడుగు, పోలీసు లాంటి మామూలు భయాలు ఆయనకూ ఉన్నాయి. బల్లికి భయపడతాడు. బస్సులో డ్రైవరు వెనక సీటుకు భయపడతాడు. ఫోను మోగితే భయపడతాడు, చాలాసేపు మోగకపోతే ఇంకా భయపడతాడు. వాటిని మేమెవరం పట్టించుకునేవాళ్ళం కాదు. కానీ ఆయన చేసే ఉద్యోగం కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం. పొద్దున కూర్చున్నది మొదలు సాయంత్రం లేచేదాకా ఆ ఉద్యోగంలో కొట్టాల్సింది ఎంటరే. పొయ్యంటే జడిసే వంటవాడిని హోటల్లో పెట్టుకుంటే ఎలా ఉంటుందో, మా ఆఫీసు అలా ఉండేది.

ఆఫీసంటే నంద్యాల శ్రీనివాసనగర్‌లో ఒక ఎరువుల కొట్టు పైన రెండు గదులు. మెట్లెక్కుతుంటేనే యూరియా వాసన కొట్టేది. 2007, 2008 నాటి మాట. బడులు, ఆసుపత్రులు, విత్తనాల కంపెనీలు తమకూ ఒక వెబ్‌సైటు ఉంటే బాగుండునని అప్పుడప్పుడే ముచ్చట పడుతున్నాయి. మా యజమాని సుబ్బరాయుడు సార్ హైదరాబాదులో కొన్నేళ్ళు పనిచేసి వచ్చి ఈ కంపెనీ పెట్టాడు. సుందరరాజన్న అందులో అందరికన్నా సీనియరు. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చిపోయేవాడు. పని తెలిసిన మనిషి. మేము తలలు పట్టుకు కూర్చున్న చిక్కును పక్కనుంచి ఒకసారి చూసి విప్పేసేవాడు. విప్పడం వరకే. ఎంటర్ కొట్టడం ఇంకొకరి వంతు.

అసలు ఆ భయం ముదరడానికి కారణం జనరేటర్. కంప్యూటర్లో నల్ల తెర తెరిచి, దానిమీద ఒక ముక్క టైపు చేసి ఎంటర్ కొడితే, వెబ్‌సైటుకు కావలసిన పేజీలూ, వాటి వెనక నడిచే కోడూ తనంతట తనే రాసిపెట్టే ప్రోగ్రాము అది. మేము వారమంతా రాసేది అది కళ్ళు మూసి తెరిచేలోగా రాసేసేది. తెరమీద ఫైళ్ళ పేర్లు వరసగా పైకి పరుగెత్తుతుంటే మాకు సంబరంగా ఉండేది. సుందరరాజన్నకు మాత్రం ఊపిరాడేది కాదు. అడగకుండానే ఇన్ని రాసేది, అడగకుండానే అన్నీ చెరిపేస్తే ఎవరు అడ్డమొస్తారని ఆయన ప్రశ్న. అందుకే రోజూ పని మొత్తం సీడీల్లోకి ఎక్కించుకొని, సద్దిగిన్నె సంచిలో పెట్టుకొని ఇంటికి మోసుకుపోయేవాడు.

నేను చేరిన మొదటిరోజే నన్ను పిలిచాడు. ఇంత పెద్దాయనకు నాతో ఏం పనుంటుందోనని గబగబా వెళ్ళాను. తెరమీద ఒక పొడవాటి వరస టైపు చేసి ఉంది.

"నరేశా, రోంత ఆ ఎంటర్ కొట్టప్పా," అని చెప్పి లేచి తలుపు అవతలికి వెళ్ళి నిలబడ్డాడు.

కొట్టాను.

"అయిపాయనా?" అని తలుపు వెనకనుంచి గొంతు.

అయిపోయిందన్నాను.

"ఎర్రగా ఏమన్నా కనపడతాందా?"

తప్పు జరిగితే తెరమీద ఎర్ర అక్షరాలు వస్తాయి. ఏమీ లేదన్న తరువాతే లోపలికి వచ్చాడు. కుర్చీలో కూర్చొని, ఆపరేషన్ అయిన బంధువును చూసినట్టు తెరను చూసుకున్నాడు.

ఆ తరువాత తెలిసింది, ఆఫీసుకు వచ్చిన వాళ్ళెవరూ ఆయన కోసం ఎంటర్ కొట్టకుండా తిరిగి వెళ్ళలేదని. కొరియరు అబ్బాయి కొట్టాడు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన మనిషి కొట్టాడు. కింద మందు డబ్బాలు కొనడానికి పాములపాడు నుంచి వచ్చి, దారితప్పి మెట్లెక్కిన రైతు కూడా కొట్టి, ఇంతకూ పంటకు ఏం మందు చల్లాలో చెప్పమని అడిగాడు. టీ తెచ్చే యశోదమ్మ చాలాకాలం నమ్మకంగా కొట్టింది. చేతులు తుడుచుకొని మరీ కొట్టేది. ఒకరోజు, అది కొడితే ఏమవుతుందని అడిగింది. సుందరరాజన్న అబద్ధమాడలేడు కాబట్టి జరిగే అవకాశమున్న నష్టాలన్నీ ఓపికగా వివరించాడు. యశోదమ్మ మొహం పాలిపోయింది. "నాకొద్దు నాయనా, ఏమన్నా అయితే నా మీదికొస్తాది," అని మర్నాటి నుంచి టీ గ్లాసులు గుమ్మంలోనే పెట్టి పోయేది. ఆయన దగ్గర భయం అలా అంటుకునేది.

ఇంట్లో సంగతి ఇంకో రకం. భర్త ఆఫీసులో జనరేటర్‌తో పనిచేస్తాడని, దాన్ని తాకాలంటేనే వణుకుతాడని ఆయన భార్య దెబోరాకు అర్థమైంది. ఆవిడ అదే మాట ఆళ్లగడ్డలో వాళ్ళ చర్చిలో చెప్పింది. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు సహోదరుడు సుందరరాజును కరెంటు షాకు నుండి కాపాడమని ప్రార్థన చేయించాడు. ఆ వారంలోనే ఒక కల్యాణమండపం వాళ్ళు తమ డీజిల్ జనరేటర్ స్టార్టు కావడం లేదు, వచ్చి చూడమని కబురు పెట్టారు. ఆ జనరేటర్ ఇది కాదని పాస్టరుగారికి చెప్పొచ్చు కదా అని అన్నను అడిగాను. "యాల చెప్పేది? ప్రార్థన జనరేటర్ మీదే కదా. ఉండనీ," అన్నాడు.

ఇలా ఉండగా కల్పన వచ్చి చేరింది. ఊరు గడివేముల. తండ్రి లేడు. తల్లి రాజమ్మ ఉన్న చేను కౌలుకిచ్చి చదివించింది. ఆడపిల్లను రోజూ బస్సులో నంద్యాలకు ఉద్యోగానికి పంపడమేమిటని ఊళ్ళో అన్నవాళ్ళందరికీ సమాధానం చెప్పి మరీ పంపింది. ఆ పిల్లకు మనిషిని చూసినా, మెషీన్ను చూసినా భయమే. కీబోర్డు కాలుతుందేమో అన్నట్టు ఒక్క వేలితో తాకేది. ఎవరన్నా పిలిస్తే ఉలిక్కిపడి లేచేది.

సుందరరాజన్న ఆ పిల్లను మొదటిరోజు చాలాసేపు చూశాడు. మధ్యాహ్నం పిలిచి, "ఎంటర్ కొట్టమ్మా. నీ చెయ్యి మంచిదిగా ఉండాది," అన్నాడు. కల్పన వణుకుతూ కొట్టింది. ఏమీ కాలేదు. సాయంత్రం మళ్ళీ పిలిచాడు. మర్నాడూ అంతే. కొన్నాళ్ళకు మమ్మల్ని పిలవడమే మానేశాడు. నీ చేతివల్లే పని జరుగుతోందని ఆ పిల్లతో రోజూ అనేవాడు. నెలలు గడిచేసరికి కల్పన ఆయన వరస మొత్తం చదువుకోకముందే నడుచుకుంటూ వచ్చి, టక్కున కొట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళి కూర్చోవడం నేర్చింది. తన పని తాను చేసుకునేటప్పుడూ అదే చురుకు వచ్చింది. మేమంతా సంతోషించాం. భయపడాల్సింది అప్పుడేనని మాకు తెలియదు.

ఆ ఏడు ఆళ్లగడ్డ శిల్పులు కొందరు కలిసి తమ విగ్రహాలకు ఒక వెబ్‌సైటు కావాలన్నారు. ఏ విగ్రహం ఎంత ఎత్తు, ఏ రాయి, ఎప్పటికి చెక్కి ఇస్తారు, ఇవన్నీ దూరం ఊళ్ళవాళ్ళు చూసి ఆర్డరు పెట్టుకోవాలి. మొదటి అస్థిపంజరం జనరేటర్ రాసింది. దానిమీద కండ పెట్టింది సుందరరాజన్న. నెలల తరబడి కూర్చొని ఒక్కో పేజీ చేత్తో దిద్దాడు. ప్రారంభం ఆళ్లగడ్డలోనే, పెద్దల సమక్షంలో అనుకున్నారు. తేదీ దగ్గర పడింది.

ఆ రోజు పొద్దున సుందరరాజన్న బస్సు శిరివెళ్ళ దగ్గర ఆగిపోయి ఆలస్యమైంది. విగ్రహాల పేజీలో రాయి రంగు కూడా చేర్చమని శిల్పులు ముందురోజు అడిగారు. అన్న వచ్చేలోగా చేసి పెడదామని కల్పన అనుకుంది. జనరేటర్‌కు పాత వరసే టైపు చేసి, చివర రంగు చేర్చి, ఎంటర్ కొట్టింది. అలా చేస్తే జనరేటర్ ఊరుకోదు. ఈ ఫైలు ముందే ఉంది, చెరిపి మళ్ళీ రాయమంటావా అని ఒక్కో ఫైలుకూ ఆగి అడుగుతుంది. వద్దనాలంటే ఇంకో అక్షరం కొట్టాలి. ఊరికే ఎంటర్ కొడితే సరేనన్నట్టు. కల్పన చదవలేదు. ఆగిన చోటల్లా ఎంటర్ కొట్టింది.

తరువాత సైటు తెరిచి చూసింది. నెలల పని పోయింది. తెల్లటి పేజీమీద జనరేటర్ మొదటిరోజు రాసిన బోడి అక్షరాలు మిగిలాయి.

నేను చూసేసరికి ఆ పిల్ల కుర్చీలో కొయ్యబారిపోయి ఉంది. ఏడవడం కూడా లేదు. భయానికి కారణం ఉంది. అంతకుముందు బనగానపల్లె మామిడి వ్యాపారుల పనిలో ఒకతను ఇలాగే ఫైళ్ళు పోగొడితే, సుబ్బరాయుడు సార్ ఆ సాయంత్రమే ఇంటికి పంపేశాడు. ఇంకొకరు చేసినా ఇదే గతి అని మా అందరికీ చెప్పి ఉన్నాడు.

సుందరరాజన్న వచ్చాడు. తెర చూశాడు. నీళ్ళు తాగాడు, గ్లాసు ఖాళీ అయినా ఇంకా తాగుతూనే ఉన్నాడు. సీడీల్లో పాతది ఉంది గానీ, చివరి వారం చేసిన ఆర్డర్ల భాగం ఎక్కించిన సీడీ ఆ పొద్దునే బస్సు మారే హడావుడిలో విరిగింది. కల్పన అప్పుడు నోరు తెరిచి, తనను ఇంక ఊళ్ళో తల ఎత్తుకోనివ్వరని, అమ్మకు ఏం చెప్పాలో తెలియడం లేదని గొణిగింది.

ఆయన నావైపు తిరిగాడు. "సదవకుండా ఎంటర్ కొట్టేది ఈ అమ్మికి నేర్పింది నేనే నరేశా," అన్నాడు.

మధ్యాహ్నం సుబ్బరాయుడు సార్ వచ్చాడు. విషయం తెలిసి గది మధ్యలో నిలబడి, ఎవరు చేశారని అడిగాడు. గట్టిగా అరవలేదు. అరిస్తే ఇంత భయమేసేది కాదు.

"నేనే సార్," అన్నాడు సుందరరాజన్న. "నేనే ఎంటర్ కొట్టినా."

కోపంగా ఉన్న సార్ మొహం ఎటు పోవాలో తెలియక నవ్వువైపు పోయింది.

"నువ్వు ఎంటర్ కొట్టినావా సుందరరాజూ? కింద ఎరువుల కొట్టాయప్పకు చెప్పు, ఆయనా నమ్మడు. నీ పెండ్లిలో ఉంగరం తొడిగేదానికి గూడ పక్కనోన్ని పిలిచింటావ్ నువ్వు."

"నిజం సార్."

"అట్లయితే ఇప్పుడు కొట్టు. నా ముందర. సూస్తా."

సుందరరాజన్న కుర్చీలో కూర్చున్నాడు. పోయినదాన్ని మళ్ళీ కట్టాలంటే ఆర్డర్ల భాగం జనరేటర్‌తో మొదటినుంచి రాయించుకోవాలి. ఆ వరస టైపు చేశాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. వేలు ఎంటర్ దాకా వెళ్ళి, వేడి గిన్నె తగిలినట్టు వెనక్కి వచ్చింది. పెదవులు కదులుతున్నాయి. తలుపు వైపు ఒకసారి చూశాడు. అక్కడ సార్ నిలబడి ఉన్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆయన ఇంక కొట్టలేడని నాకు తెలిసిపోయింది. కల్పనకూ తెలిసింది.

"సార్, అది కొట్టింది..." అని ఆ పిల్ల మొదలుపెట్టింది.

ఆ మాట పూర్తికాకముందే సుందరరాజన్న ఎంటర్ కొట్టాడు. కొట్టి అలవాటు లేదు కాబట్టి అరచేత్తో కొట్టాడు. బల్లమీద టీ గ్లాసులు గల్లుమన్నాయి. ఫైళ్ళ పేర్లు తెరమీద పైకి పరుగెత్తాయి. ఆయన కళ్ళు గట్టిగా మూసుకొని, అయిపోయిందా అని అడిగాడు. అయిపోయిందన్నా అని కల్పన ఏడుపు గొంతుతో చెప్పింది.

సార్ ఆ తెరను కాదు, సుందరరాజన్న చేతిని చూస్తూ నిలబడ్డాడు. సరే, పని చూడండని చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఎవరి ఉద్యోగమూ పోలేదు.

సాయంత్రం సార్‌తో కలిసి మెట్లు దిగుతూ, అన్న మాట మీరు నిజంగా నమ్మారా సార్ అని అడిగాను.

"పొద్దున కింద కొట్టాయన ఫోన్ చేసి చెప్పినాడు, సుందరరాజు బస్సు ఇంకా రాలేదని. ఎవరు చేసినారో నాకు తెల్దా?" అన్నాడు సార్. "ఆ మనిషి ఎంటర్ కొట్టినాడంటే, ఆ అమ్మి ఎంత భయపడి ఉంటాదో అర్థమాయప్పా. ఇంగ నేనేం భయపెట్టేది," అన్నాడు.

పాత సీడీ నుంచి మొదలుపెట్టి అంతా తిరిగి కట్టాం. సగానికి పైగా కల్పనే రాసింది. ఒక్కో వరసను బయటికి చదివి మరీ కొట్టింది. సుందరరాజన్న పక్కన కూర్చొని వింటూ, ఆమె చదివిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టాడు.

ప్రారంభం రోజున ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్డు ముందు షామియానా వేశారు. సైటు కట్టినవాళ్ళే తెరవాలని పెద్ద శిల్పి లక్ష్మన్న పట్టుబట్టాడు. అందరూ సుందరరాజన్న కోసం చూశారు. కుర్చీ ఖాళీగా ఉంది. ఇంక కల్పన ముందుకు వెళ్ళి, తెరమీద ఉన్నది చదివి, ఎంటర్ కొట్టింది. విగ్రహాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా మోగినవి షామియానా బయటనుంచి వచ్చాయి.

కూతురి పని చూడటానికి గడివేముల నుంచి వచ్చిన రాజమ్మ, ఆ బయట చప్పట్లు కొడుతున్న ఆయన ఎవరని అడిగింది.

"మా ఆఫీసులో అందరికంటే ధైర్యమున్నోడు మా," అంది కల్పన.

సుందరరాజన్న ఆ సమయానికి, ఎదురొచ్చిన ఒక కుక్కపిల్లకు దారి ఇవ్వడం కోసం, సగం చెక్కిన నంది వెనక నక్కి ఉన్నాడు. రాజమ్మ ఆయనను చూసింది, కూతురిని చూసింది. నీకు జ్వరమేమన్నా వచ్చిందా అన్నట్టు కల్పన నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది.