అమ్మ అరచేతి గరుకు

మొన్న కార్తీక సోమవారం దీపాలకని సూపర్‌మార్కెట్లో కొన్న వత్తుల ప్యాకెట్ విప్పగానే గదంతా గంధం వాసన వేసింది. అన్నీ ఒకే పొడుగు, ఒకే తెలుపు, ఎక్కడా ఒక్క పోగు లేచి లేదు. అమ్మ ఒకటి వెలిగించి, కాసేపు దానికేసి చూసి, "ఏంటో, ఒక్క దగ్గు కూడా రాలా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు వెనక సంగతి మా సత్తెనపల్లి పక్క ఊళ్ళోది, నేను రెండో తరగతి చదివేప్పటిది.

మాఘమాసం వచ్చిందంటే మా ఊరి కల్లాలన్నీ మిరపకాయలతో ఎర్రగా పరుచుకునేవి. గాలి బడివైపు తిరిగితే పంతులుగారితో సహా అందరం తుమ్మేవాళ్ళం, ఎక్కాలు ఆగిపోయినందుకు సంబరపడేవాళ్ళం. ఇంటికొస్తే వేడన్నంలో కొత్త పండుమిరప పచ్చడి, పైన వెన్న, ఆపైన కొట్టంలో పత్తి గుట్టమీద దూకుళ్ళు, నాన్న కేకలు. మిరపకాయ బస్తాలు లారీమీద ఇంటెత్తు పేర్చినా గోనెపట్టా గరుకుకి ఒకదాన్నొకటి పట్టుకుని గుంటూరు దాకా కదిలేవి కావు. ఎవరో నున్నటి ప్లాస్టిక్ సంచులు తెచ్చిన ఏడు మాత్రం మా ఊరి మలుపులోనే సగం సరుకు జారి రోడ్డుమీద పడింది.

అమ్మ చేతులు కూడా గోనెపట్టాలాంటివే. పత్తికాయ మొనలు గీరుకుని, మిరపకాయల తొడిమలు తీసీ తీసీ కాయలు కాసిపోయాయి. నాయనమ్మకి ఆ చేతులంటే పడేది కాదు. "చేతులా అయ్యి, తాటిమట్టలా? నా పట్టుచీర ముట్టుకోమాక, పోగులు లేస్తయ్" అనేది. పెళ్ళిళ్ళకెళితే అమ్మ చేతులు కొంగు కింద దాచుకుని కూర్చునేది. నాకు మాత్రం ఆ చెయ్యి వీపుమీద పడందే నిద్రొచ్చేది కాదు, ఊరికే నిమిరినా గోకినంత హాయిగా ఉండేది.

అంతకుముందు నాన్నకి పాము కరిచి, చావు తప్పి బయటపడ్డప్పుడు, నాయనమ్మ లక్షవత్తుల నోము మొక్కుకుంది. ప్రతి వత్తీ తన చేత్తోనే చేస్తానని మొక్కు. చేలో తీసిన పత్తిలో గింజలు ఏరి, విభూతి అద్దుకుని, రెండు అరచేతుల మధ్య నులుముతూ ఉండేది. పత్తిపోగు వేలి కణుపంత కూడా ఉండదు. జిగురూ లేదు, ముడీ లేదు, ఒకదానికొకటి రాసుకుని పట్టుకుంటేనే అది వత్తి. పాపం వయసుమీద పడి, చేయగా చేయగా నాయనమ్మ అరచేతులు అరిగి తమలపాకుల్లా అయిపోయాయి. దూది చేతిలోనే జారేది, నూనెలో వేస్తే విచ్చుకుపోయేది. "కోడలు చేస్తుందిగా అమ్మా" అని నాన్న అంటే, "మొక్కుకుంది నేనైతే చేసేది ఇంకొకళ్ళా?" అని కసిరేది. నోము ఆగిపోతే కొడుక్కి ఏమవుతుందోనని, ఎవరూ చూడకుండా కళ్ళొత్తుకునేది.

ఒక మధ్యాహ్నం కల్లంనుంచి వచ్చిన అమ్మ చేతులు కడుక్కుని ఆవిడకి మంచినీళ్ళు ఇచ్చింది. నాయనమ్మ చెంబు అందుకోకుండా ఆ చేతినే చూసింది. "ఇట్టా కూర్చోవే. చెయ్యి చాపు." అమ్మ బెదురుతూనే చాపింది. నాయనమ్మ ఆ అరచేతిని తన ఒళ్ళో పెట్టుకుని, దానిమీద దూది వేసి, తన అరచేత్తో నులిమింది. వత్తి గట్టిగా పడింది. "పట్టిందే!" అంది చిన్నపిల్లలా. చేసింది ఆవిడ చెయ్యే, పట్టు మాత్రం అమ్మది. ఇక రోజూ మధ్యాహ్నం మోకాలికి మోకాలు ఆనించి కూర్చునేవాళ్ళు. పులుసులో ఉప్పు గురించి దెబ్బలాటా మానలేదు, చేతులూ తీయలేదు.

కార్తీకపౌర్ణమినాడు శివాలయంలో వత్తులన్నీ నేతిలో తడిపి వెలిగించారు. ఒక్కటీ విచ్చుకోలేదు. కానీ పూజారిగారికి మంత్రం మధ్యలో దగ్గు, ఆ వెంటనే ఊరందరికీ దగ్గు, తుమ్ములు, కళ్ళవెంట ధారలు. ఎంత కడుక్కున్నా పోని మిరపఘాటు అమ్మ చేతినుంచి వత్తులకి అంటిందని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. అమ్మ తలెత్తలేదు. నాయనమ్మే కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది.

"నా కోడలి చేతి ఘాటయ్యా అది! గరళం మింగినాయనకి ఇదో లెక్కా?"

ఇంటికొచ్చాక పెట్టె తీసి పట్టుచీర అమ్మ చేతుల్లో పెట్టింది. "కట్టుకో. పోగు లేస్తే లేచింది" అంది.

ఇప్పుడు నాయనమ్మ లేదు. పొలం కౌలుకిచ్చేశాం, అమ్మ గుంటూరులో నా దగ్గరే ఉంటోంది. రేషన్ మిషను ఆమె వేలిముద్ర పట్టుకోవడం మానేసి చాలాకాలమైంది. మొన్న ప్యాకెట్ పక్కన పెట్టి, కాస్త దూది తెచ్చి, "ఏదీ, నీ చెయ్యి చాపు" అంది. చాపాను. నా అరచేతిమీద దూది జారిపోయింది. మళ్ళీ వేసింది, మళ్ళీ జారింది. "నీదీ నున్నటిదే" అని నవ్వి, పోనీలెమ్మని నా వీపు నిమిరింది.

ఆ చెయ్యి మెడనుంచి నడుందాకా ఎక్కడా గీరుకోకుండా జారిపోయింది. నాకు ఏడుపొచ్చింది.