కోయని పేజీలు

మధ్యాహ్నం మూడుంపావుకు మా ఆవిడ కూరగాయల కత్తి కడిగి, తుడిచి, ఫ్రెంచి నవల పట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది. డెబ్బైల్లో మస్కట్ అవతల నిజ్వా అనే ఊళ్లో టీచరుగా ఉండేవాణ్ణి. ఆ వేళకి నేను బడి నుంచి వచ్చి, భోంచేసి, చాప మీద పడుకునేవాణ్ణి.

ఆమెది యానాం. ఫ్రెంచిలో చదువుకుంది. ఆ పుస్తకం పాండిచ్చేరి నుంచి వాళ్ల పిన్ని పంపింది. అప్పట్లో కొన్ని ఫ్రెంచి పుస్తకాలు పేజీల మడతలు కోయకుండానే వచ్చేవి. చదివేవాళ్లే కోసుకోవాలి. ఆమె ఏ రోజుకి కావలసినవి ఆ రోజు ఆ కత్తితోనే కోసి, చూస్తూ తెలుగులో చెప్పేది.

ఆ నవలకి పెద్ద బహుమతి వచ్చిందట. రాసినావిడ పిల్లలు లేవకముందే వంటబల్ల మీద రాసుకునేదట. విలేకరులు వస్తే ఇస్త్రీ ఆపకుండానే మాట్లాడిందట. ఈ ఇస్త్రీ సంగతి మా ఆవిడ నాకు నాలుగైదుసార్లు చెప్పింది.

కథ ఒక రొట్టెల కొట్టాయనది. భార్య పోయాక పొయ్యి ఆర్పేశాడు. మళ్లీ వెలిగిస్తాడా లేదా అన్నదే కథంతా.

"ఏవండీ, నిద్రోతున్నారా?"

"లేదే. పొయ్యి దగ్గర ఆపావు."

"పొయ్యి దగ్గర ఆపి అరగంటయింది. గురక పెడుతున్నారు."

నవల పూర్తవకుండానే ఆమెకు జబ్బు ముదిరింది. ఇక ఎక్కువ రోజులు లేవని ఇద్దరికీ తెలుసు. మస్కట్ ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు పుస్తకం సంచిలో పెట్టాను. కథ చివరిదాకా వినాలని నాకుండేది. ఆమెకు చెప్పాలని ఇంకా ఎక్కువ ఉండేది.

ఒక సాయంత్రం, పుస్తకం తలగడ పక్కనే ఉంది గానీ తెరవలేదు.

"నిన్న పూర్తి చేసేశానండీ. పొయ్యి వెలిగించాడు. మొదటి వాయి మాడింది. అయినా ఊళ్లోవాళ్లు కొన్నారు."

"అంత సులువుగానా?"

"ఏం, జీవితాంతం ఏడుస్తూ కూర్చోమంటారా ఆయన్ని?"

నవ్వాను. ఆ వారంలోనే ఆమె పోయింది.

నిజ్వాకి తిరిగొచ్చి వంటింట్లోకి వెళితే కత్తి గట్టు మీదే ఉంది. దాన్ని సంచిలో పెట్టడం మరిచిపోయానని అప్పుడు తట్టింది. పుస్తకం తీసి చూశాను. చివరి నలభై పేజీల మడతలు అలాగే ఉన్నాయి.

ఆ పూట అన్నం వండుకున్నాను. అడుగంటింది. తిన్నాను.

మా ఇంట్లో ఇప్పుడు ఆ కత్తితో కూరగాయలే కోస్తాం. ఆ నలభై పేజీలు మాత్రం కోయలేదు.