మేష్టారు భయపడ్డారు

మా తెలుగు మేష్టారు పోయారని మొన్న మంగళవారం అరకు నుంచి ఫోన్ వచ్చింది. గుండెపోటట. మర్నాడు ఆయన పనిచేసిన జూనియర్ కాలేజీలోనే సంతాపసభ పెట్టారు. వెళ్లాను. మాట్లాడినవాళ్లందరిదీ ఒకటే మాట: ఆయన దేనికీ భయపడని మనిషి. అలా అన్నవాళ్లలో ఒకాయన, ఒకప్పుడు స్టాఫ్ రూంలో మేష్టారి పక్కన కూర్చోవడం మానేసినవాడే. ఇంక వినలేక లేచి వచ్చేశాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన భయపడ్డారు. నేను చూశాను.

తొంభైల చివర్లో నేనక్కడ ఇంటర్ చదివేదాన్ని. పాఠం ముగిశాక మిగిలిన టైములో మేష్టారు యుద్ధకథలు చదివి వినిపించేవారు. ఒక కథలో సిపాయి కందకంలో కూర్చుని రోజూ పొద్దున్నే చొక్కాకున్న ఇత్తడి గుండీలు తోముతుంటాడు. పైన తూటాలు పేలుతున్నా ఆపడు.

"ఎందుకే గుంటా?" అని నన్నడిగారు.

శుభ్రం కోసమన్నాను.

"కాదు. చేతులు ఖాళీగా ఉంటే భయం దూరిపోద్ది. యుద్ధకథలో ఎవడు కాల్చాడో కాదు, ఎవడు ఊరికే నవ్వుతున్నాడో, ఏటీ అవనట్టు ఎవడు తిరుగుతున్నాడో చూడండి. అది మనసు తన చుట్టూ కట్టుకున్న దడి."

ఆ ఏడే మా దాదాని, అంటే మా అన్నని, పోలీసులు తీసుకెళ్లారు. అడవిలోవాళ్లకి అన్నం పెట్టాడని. పెట్టాడు. తుపాకులతో వచ్చి అడిగితే ఎవరు పెట్టరు? పదకొండు రోజులకి వదిలేశారు. వచ్చిన దగ్గర్నుంచి దాదా నవ్వుతూనే ఉన్నాడు. అన్నం తింటూ నవ్వు, కాఫీ పళ్లు కోస్తూ నవ్వు. అమ్మ అది చూసి, కొడుకు బాగానే ఉన్నాడనుకుంది. నాకు క్లాసులో విన్నది గుర్తొచ్చి మేష్టారికి చెప్పాను.

ఆ ఆదివారమే డుంబ్రిగుడ దాకా జీపులో వచ్చి, అక్కణ్ణుంచి రెండు గంటలు కొండెక్కి మా ఊరొచ్చారు.

"నన్నేటీ సెయ్యలేదు మేష్టారూ. బాగా సూసుకున్నారు" అని దాదా నవ్వాడు.

మేష్టారు నవ్వలేదు, మందలించనూ లేదు. "నవ్వాలనిపించినన్నాళ్లూ నవ్వు నాయనా. ఆగిపోయిన రోజు మాత్రం ఒక్కడివీ ఉండకు" అన్నారు. ఆ తర్వాత వరసగా ఐదు ఆదివారాలు వచ్చారు.

ఆరో వారం ఆయన్నే తీసుకెళ్లారు. కొండ మీద నీకేం పని, పిల్లలకి ఏ యుద్ధం గురించి చెప్తున్నావు అని అడిగారట. ఇంకేం చేశారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నాలుగో రోజు క్లాసుకొచ్చారు. యుద్ధకథలు లేవు. సంధులు, సమాసాలు. బోర్డు మీద ఒక్క అక్షరం లేకపోయినా డస్టరుతో తుడుస్తూనే ఉండేవారు. మా ఊరు రావడం మానేశారు.

మూడు వారాలు చూశాను. ఒకరోజు అందరి ముందూ లేచి, "ఆ గుండీల సిపాయిలాగే ఉన్నారు మేష్టారూ. మాకు చెప్పారు కదా, మీకు తెలీదా?" అన్నాను. పదిహేడేళ్ల పొగరు. ఆ మాటకి నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

ఆయన డస్టరు బల్ల మీద పెట్టారు. "తెలుసు గుంటా. తెలిసినంత మాత్రాన పోదది" అని, మళ్లీ పాఠంలోకి వెళ్లిపోయారు.

ఆ తర్వాతి ఆదివారం మా ఊరి గెడ్డ, అంటే వాగు దగ్గర, ఆయన్ని పోలీసులు ఆపి గుర్తింపు కార్డు అడిగారు. జేబులోంచి తీయబోతే అది రెండుసార్లు కింద పడింది. పొలంలోంచి చూస్తున్నాను. వెనక్కి వెళ్లిపోతారనుకున్నాను. ప్యాంటు మడత పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, గెడ్డ దాటి పైకొచ్చారు.

ఆయన్ని గుమ్మంలో చూడగానే దాదా నవ్వు ఆగిపోయింది. "మిమ్మల్నీ కొట్టారా మేష్టారూ?" అన్నాడు.

"కొట్టార్రా. భయమేస్తోంది" అన్నారు మేష్టారు.

అప్పుడు ఏడ్చాడు మా దాదా, వచ్చాక మొదటిసారి. మేష్టారు ఒక చేత్తో వాడి వీపు పట్టుకున్నారు. రెండో చేతిలో అమ్మ ఇచ్చిన అంబలి గ్లాసు ఒరిగిపోయింది. అంబలి మోకాలి మీద ఒలికిపోతున్నా, గ్లాసు కింద పెట్టే ధ్యాస లేకుండా అలాగే కూర్చున్నారు.