మూడో బేస్ గేటు దగ్గర

నవంబర్ నెలాఖరుకల్లా గ్వెల్ఫ్‌లో మేముంటున్న బేస్‌మెంట్ ఖాళీ చేయాలని ఓనర్ హఠాత్తుగా చెప్పడంతో ఈ ప్రయాణం మొదలైంది. ఇల్లు అమ్మేశారట. జనవరి నుంచి నాకు చదువులో భాగంగా హామిల్టన్‌లో ఒక హాస్పిటల్ ప్లేస్‌మెంట్ ఉంది కాబట్టి అక్కడే రూము వెతికాను. ఆ ఏడాది ఎంతమంది స్టూడెంట్లు దిగారంటే, హాల్లో పరుపు వేసుకునే చోటుకు కూడా పోటీయే. నా రూమ్మేట్ సింధు ఫొటోలు చూసి అడ్వాన్స్ కట్టేస్తే, తీరా ఆ అడ్రస్‌లో ఇల్లే లేదు. అందుకే మార్గరెట్ అనే పెద్దావిడ ఫోన్లో, "ముందుగా డబ్బేమీ పంపకు. పాత బేస్‌బాల్ గ్రౌండ్‌లో మూడో బేస్ వైపు గేటు దగ్గర ఉండు, నేనొచ్చి తీసుకెళ్తాను" అన్నప్పుడు నాకు భయం పట్టుకుంది. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ఇంటికి రమ్మంటారు గానీ గ్రౌండ్‌కు రమ్మంటారా?

గ్వెల్ఫ్ నుంచి హామిల్టన్‌కు బస్సులో గంట పైనే పడుతుంది, టికెట్ పదిహేను డాలర్ల లోపే. శనివారం మధ్యాహ్నం బయల్దేరాను. దారిలో సింధు ఫోన్ చేసింది. ఆ అమ్మాయిది కరీంనగర్. "అక్కా, లైవ్ లొకేషన్ ఆన్ చేసి పెట్టు. ఇంట్లకు రమ్మంటే డోర్ కాడనే నిలబడు. పైసలైతే అస్సలు ఇయ్యకు" అంది. డౌన్‌టౌన్‌లో దిగి, తూర్పున ఉక్కు ఫ్యాక్టరీల వైపు వెళ్లే సిటీ బస్సెక్కాను. గ్రౌండ్ స్టాప్ ఎక్కడని అడిగితే డ్రైవర్ నన్ను అద్దంలోంచి చూశాడు. "అక్కడ ఆట ఆగిపోయి చాలా కాలమైంది. నీకోసం ఎవరైనా వస్తున్నారా?" అన్నాడు. వస్తున్నారన్నాను.

బస్సు హోమ్ ప్లేట్ వెనకాల దింపింది. బ్యాట్స్‌మన్ నిలబడే చోటు అదేనని, అక్కడి నుంచి పరిగెత్తే దారి మలుపుల్లో బేస్‌లు ఒకటి, రెండు, మూడు వస్తాయని వీడియోలో చూసి వచ్చాను. కంచె పక్కనే నడుస్తూ, గ్రౌండ్ కుడిచేతికి వచ్చేలా మొత్తం చుట్టి, బేస్‌కొకటి చొప్పున లెక్కపెట్టి మూడో గేటు దగ్గర నిలబడ్డాను. గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. చెక్క గ్యాలరీ సగం కూలి ఉంది. ఎవరూ రాలేదు. ఆవిడకు సెల్ లేదు, ఇంటి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఐదు కాకముందే వెలుతురు తగ్గడం మొదలైంది. సింధు మోసపోయిన అడ్రసే గుర్తొచ్చింది. తిరిగి వెళ్లిపోదామంటే నెలాఖరు తర్వాత వెళ్లడానికి చోటు లేదు. ఉందామంటే ఇదీ మోసమేనేమో.

గ్యాలరీ వెనక ఇనుప కంచె మీద ఎవరో టకటకా కొట్టారు. గభాల్న వెనక్కి తిరిగాను. చేతికర్రతో ఒక ముసలావిడ మలుపు తిరిగి వచ్చింది. "రూము కోసం వచ్చింది నువ్వేనా? ఇది మొదటి బేస్. ఇక రావనుకుని వెళ్లిపోబోయాను" అంది. నేను చేత్తో తిప్పి చూపించాను, ఇలా చుట్టి వచ్చానని. "ఎవరు నేర్పారు? ఆటలో దీనికి ఎదురు దిక్కున కదా పరిగెత్తేది" అందావిడ.

"గుళ్లో మేం ఇలాగే తిరుగుతాం" అన్నాను. ప్రదక్షిణ చేసి మరీ చేతికందిన రూము పోగొట్టుకోబోయానన్నమాట.

నడుస్తూ మార్గరెట్ గారు చెప్పిన కథ ఇది. జట్టు పేరు రాయడం లేదు, ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ ఎవరూ వెళ్లకూడదని. సరిహద్దుకు అవతలున్న ఒక పెద్ద అమెరికా క్లబ్బు, కుర్రాళ్లకు ఆట నేర్పడానికి ఇక్కడ నడిపిన చిన్న జట్టది. దూరదేశాల నుంచి వచ్చిన పద్దెనిమిది, ఇరవై ఏళ్ల ఆటగాళ్లు. వాళ్ల జీతం అద్దెకు చాలదు కాబట్టి ఊరివాళ్లే ఇళ్లలో పెట్టుకునేవారు. జట్టు బస్సు మూడో బేస్ గేటు దగ్గర దింపితే ఆవిడ ఎదురెళ్లి తీసుకొచ్చేవారు. "తెలియని ఊళ్లో పరాయి తలుపు తట్టడం ఎవరికైనా కష్టమే" అన్నారు. పొద్దున్నే ఫోన్ మోగితే కుర్రాళ్లు తింటూ తింటూ చెంచా ఆపేసేవారట. మేనేజర్ పిలిచాడంటే జట్టులోంచి తీసేసినట్టే, సామాను సర్దుకోవడమే.

రూము చిన్నది, శుభ్రంగా ఉంది. సింధు చెప్పినట్టే గుమ్మం దగ్గర నిలబడి, అడగడానికి భయపడుతున్నదే అడిగాను. "ఇక్కడ ఎన్నాళ్లు ఉండనిస్తారు?"

ఆవిడ మంచం మీద దుప్పటి సరిచేశారు. "ఒక శీతాకాలం కుర్రాళ్లు వాళ్ల ఊళ్లకు వెళ్లారు. వసంతానికి రెండు మంచాలూ సిద్ధం చేశాను. గ్రౌండ్ గేటు తెరవలేదు. క్లబ్బు జట్టును వేరే ఊరికి మార్చేసిందట, మాకెవరూ చెప్పలేదు" అన్నారు. "ఇల్లు అమ్మాలనుకుంటే మొదట నీకే చెబుతాను."

గుమ్మం దాటి లోపలికి వెళ్లాను. భయం పూర్తిగా పోయిందని చెప్పను, ఫోన్ మోగితే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. కానీ ఆ కుర్రాళ్లు కూడా ఈ రూములోనే అలా ఉలిక్కిపడి, మళ్లీ నిద్రపోయి ఉంటారని తలుచుకుంటే కొంచెం ధైర్యంగా ఉంటుంది. మీరూ రూము చూడటానికి వెళ్తే వెలుతురు ఉండగానే చేరండి. మూడో బేస్ అన్నారంటే, హోమ్ ప్లేట్ దగ్గర గ్రౌండ్ వైపు తిరిగి నిలబడండి. మీ ఎడమచేతి వైపే మీకోసం ఎవరో ఎదురుచూస్తూ ఉండొచ్చు.