గ్రానైట్‌కు నేను పెట్టిన పరీక్ష

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే, టిఫిన్ డబ్బా కూడా తెరవకముందే, ఆ ఉద్యోగాన్ని దాదాపు ఊడగొట్టుకున్న ఘనత నాది. నవ్వుకోండి, ఏమీ అనుకోను. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మాది నస్పూర్. బాపు బొగ్గుబాయి కార్మికుడు. భూగర్భశాస్త్రంలో డిగ్రీ చేతికి రాగానే కరీంనగర్ అవతల ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో పని దొరికింది. ఇల్లంతా ఒకటే సంబరం! కొనేవాళ్లకు రాళ్ల సంగతి చెప్పాలి. నెల రోజులు చూసి, నచ్చితేనే ఉంచుకుంటానన్నాడు సేటు.

ఆ పొద్దున నా హుషారు చూడాలి! పాలిష్ పట్టే కనకవ్వను పట్టుకుని పాఠం మొదలుపెట్టాను. ఇరవై ఏళ్లుగా రాళ్ల దుమ్ములోనే బతుకుతున్న మనిషికి నేను రాళ్ల పాఠం!

“కనకవ్వా, ఖనిజమంటే ఒక్కటే పదార్థం. దేని గట్టితనం దానిదే. గసుంటియి కొన్ని కలిస్తె శిల అయితది. గీ గ్రానైట్ల చూడు, అద్దం లెక్క మెరిసేది పలుగురాయి, గులాబీ రంగుది ఫెల్డ్‌స్పార్, నల్లగ తళతళలాడేది అభ్రకం, మన కాకిబంగారం. సమజైందా?”

“నాకైంది బిడ్డా. నీకైందా?” అంది కనకవ్వ. అప్పుడే నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది!

ఇంతలో భైంసా నుంచి ఒక బట్టల వ్యాపారి వచ్చాడు. కొత్త దుకాణం మొత్తానికీ రాయి కావాలట. సేటు ముఖం వెలిగిపోయింది.

“రాయి గట్టిదేనా?” అన్నాడు వ్యాపారి.

“గీమె పెద్ద చదువు చదివింది. గీమెనే అడుగుండ్రి!” అన్నాడు సేటు.

ఇంకేం కావాలి నాకు! బ్యాగులోంచి చాకు తీశాను. మా ఊళ్లో బొగ్గును ఎక్కడ గీకినా అదే నలుపు. ఒక్కచోట గీకితే చాలన్నది చిన్నప్పటి నుంచి చేతికి అలవాటు. మెరిసే నల్ల చుక్క ఒకటి చూసుకుని బర్రున గీకాను. పొరలు పొరలుగా లేచి వచ్చింది.

“సేటూ! గీ రాయి మెత్తది! చాకు దిగుతుంది!” అని ఉత్సాహంగా అరిచాను.

వ్యాపారి జీపు తాళాలు తీశాడు. “మెత్త రాయి నాకెందుకు? జర్రయితే మోసపోతుంటి!”

సేటు నా వైపు చూసిన చూపుకు నిజంగా మెత్తబడింది నేనే. “ఇగ నస్పూర్ బస్సెక్కు బిడ్డా,” అన్నాడు.

కనకవ్వ నా చేతిలోంచి చాకు లాక్కుంది. “ఆగుండ్రి సేటూ!” అంటూ వ్యాపారి కళ్లముందే పలుగు మీద, ఫెల్డ్‌స్పార్ మీద బలంగా గీసింది. రాయి చెక్కుచెదరలేదు. చాకు మొన వంగిపోయింది.

“లడ్డుల కిస్మిస్ కొరికి, లడ్డు మెత్తగున్నదంటరా బిడ్డా? నువ్వు గీకింది వట్టి కాకిబంగారం. రాయి గాదు.”

పొద్దున నేను చెప్పిన పాఠమే! నా ముఖం గులాబీ ఫెల్డ్‌స్పార్‌కు పోటీ వచ్చింది.

వ్యాపారి పడీ పడీ నవ్వాడు. “రాయి తీసుకుంట. ఒక్కటే షర్తు. దుకాణంల పలకలు దించేనాడు గీ మేడమ్ మా ఊర్ల ఉండొద్దు!”

ఉద్యోగం నిలిచింది. కాబట్టి పలుగు, ఫెల్డ్‌స్పార్, అభ్రకాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఒక్క చుక్క గీకి రాయి మొత్తానికి తీర్పు చెప్పను. తప్పక చెప్పాల్సి వస్తే సేటు ఊళ్లో లేనప్పుడు, కొనేవాళ్లెవరూ రానప్పుడు, కనకవ్వ అన్నానికి పోయినప్పుడు మాత్రమే చెబుతాను.